గుంటూరు చిన్నకోడలి మీద మా ఇంటి తీర్పులు

ఇప్పుడు మీరు చదవబోయేది ఒక మహా కుటుంబగాథ. ఇందులో రెండు రాజ్యాల మధ్య పోరు ఉంది, నిండు కొలువులో ఇచ్చిన మాట ఉంది, ఆ మాట కోసం వెళ్ళిన వనవాసం ఉంది. చదివినవాళ్ళు కళ్ళు తుడుచుకోకుండా ఉండలేరు.

కాదులెండి. రెండు రాజ్యాలంటే మట్టెవాడలో మా ఇంటి వంటగదికి ఆ చివర మా అమ్మ, ఈ చివర మా వదిన. నిండు కొలువంటే మా వెనక వసారా. వనవాసం హన్మకొండ దాకా. బస్సు దొరికితే అరగంట, దొరక్కపోతే తిట్టుకుంటూ గంట. అరవైల్లో ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల మీద మా ఇంటివాళ్ళ అభిప్రాయాలు, అంతే ఇది. కళ్ళు తుడుచుకోవలసి వస్తే అది మిరపఘాటు వల్ల. మా బాపు మిర్చి వ్యాపారి. బస్తాలు ముందుగదిలో ఉండేవి, తుమ్ములు ఇల్లంతా ఉండేవి.

అన్నకు హన్మకొండలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది; తాళం తీయడం, వేయడం కూడా ఆయన పనే. పొద్దున మేము లేవకముందే పోయేవాడు, దీపాలు పెట్టాక వచ్చేవాడు, తిని పడుకునేవాడు. పెళ్ళయి ఏడాది దాటినా వదిన తన భర్తను వెలుతురులో చూసింది ఆదివారాలే. హన్మకొండలో రెండు గదులు తీసుకుని ఇద్దరూ అక్కడే ఉండాలని ఆమె కోరిక. అన్న ధైర్యం చేసి ఒకసారి బాపును అడిగాడు. బాపు "సూద్దాం తియ్" అన్నాడు. మిర్చి మండిలో సూద్దాం అంటే, సరుకు బాగాలేదు, వెనక్కి తీసుకుపో అని అర్థం. అన్న వెనక్కి తీసుకుపోయాడు. ఆ తర్వాత ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

ఎత్తకుండా ఉండటం ఎంత కష్టమో ఆ వేసవిలో తెలిసింది. వదిన కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేది. అమ్మ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేది. ఎవరూ ఒకచోట ఐదు నిమిషాలు కూర్చునేవాళ్ళు కాదు. నేను కాలేజీ సెలవుల్లో ఉన్నాను గనుక కూర్చునేవాణ్ణి, కానీ నా చుట్టూ ఇల్లు తిరుగుతూ ఉండేది.

ఆ సమయానికే ఆ సీరియల్ మొదలైంది. దక్షిణాన, గుంటూరు దిక్కు ఒక పెద్ద కుటుంబం. పొలాలు, మేడ, కోపిష్ఠి పెద్దాయన, మాట నెగ్గించుకునే అత్తగారు, ముగ్గురు కొడుకులు. కడగొట్టువాడు ప్రేమించి ఒక పిల్లను చేసుకున్నాడు. ఆ చిన్నకోడలికి ఆ మేడలో ఊపిరాడటం లేదు. వేరు కాపురం పెడదామంటుంది. రచయిత్రికి మా ఇంటి సంగతి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మకు చదువు రాదు. వదినకు వచ్చు, కానీ ముందుగదిలో మామగారు ఉండగా కోడలు గొంతెత్తి చదవడం మా ఇళ్ళలో పద్ధతి కాదు. ఆమె ఆయన ముందుకు వచ్చేదీ కాదు, ఆయనతో నేరుగా మాట్లాడేదీ కాదు. అందుకని చదివే పని నాది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక వసారాలో కూర్చుని, బాపు కునుకు చెడకుండా గొంతు తగ్గించి చదివేవాణ్ణి. అమ్మ, వదిన, ఎదురింటి అత్త వినేవాళ్ళు. చదవడం గుసగుసల్లో జరిగేది గానీ, అభిప్రాయాలకు ఆ నియమం లేదు. అవి కేకలుగా వెలువడేవి.

మొదట్లో అభిప్రాయాలు అమాయకంగానే ఉండేవి. ఆ నవలలో అందరూ తెల్లవారింది మొదలు కాఫీ తాగుతారు. అలిగితే కాఫీ, అలక తీరితే కాఫీ.

"గిన్నిసార్లు తాగుతె చక్కెర ఎవరు తెస్తరే?" అంది ఎదురింటి అత్త. "గా పెద్దాయన కోపం గందుకే గావచ్చు."

"ప్రేమిస్తున్న అని చెప్పనీకి వానికి నాలుగు వారాలు వట్టింది," అంది అమ్మ. "గంతల మీ బాపు రెండు లారీల సరుకు అమ్మిండు."

అయిదారు వారాలకు చిన్నకోడలు వేరు కాపురం మాట ఎత్తింది. అప్పటి నుంచి వసారాలో అమాయకత్వం పోయింది.

"గా పిల్లకు ఏం తక్కువైందని?" అంది అమ్మ, నన్ను చూస్తూ. "వండి పెడ్తాండ్రు, కట్టుకోను చీరలిస్తాండ్రు. జర ఓపిక వద్దా?"

"చీరలు కట్టుకొని ఎవరికి సూపెట్టాలె అత్తమ్మా?" అంది వదిన, ఆమె కూడా నన్నే చూస్తూ. "మొగుడు ఇంట్ల ఉంటెనా?"

"వాడు పొలం కాడికి పోతాండు గదా. తిరుగుళ్ళకు పోతాండా?"

"పొలం కాడనే ఇల్లు కట్టుకుంటమంటాంది ఆమె. తప్పేంది?"

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇద్దరి చూపులూ నా మీదే. సీరియల్ రాసింది నేనే అన్నట్టు చెమటలు పట్టాయి. ఇక అక్కణ్ణుంచి నా చదువు మీద కూడా ఫిర్యాదులు మొదలయ్యాయి. అత్తగారి మాటలు చప్పగా చదువుతున్నానని అమ్మ. చిన్నకోడలు ఏడ్చే చోట గబగబా దాటేస్తున్నానని వదిన. ఒకసారి ఇద్దరినీ సంతోషపెడదామని పెద్దాయన దగ్గే చోట నిజంగానే దగ్గాను. "జర సూడుండ్రి, వీనికి దవాఖాన అవసరమున్నట్టుంది," అంది ఎదురింటి అత్త.

పత్రిక ఆలస్యమైన వారం ఇంట్లో అన్నం సరిగా ఉడకలేదు. వదిన నాలుగుసార్లు వాకిట్లోకి వచ్చి వీధి చివరికి చూసింది. అమ్మ "ఎవలొస్తాండ్రే?" అని అడిగి, జవాబు రాకముందే తానూ చూసింది.

ఆ వచ్చిన భాగంలో చిన్నకోడలు భర్తతో తేల్చి చెప్పింది: నన్ను తీసుకుని వేరుగా ఉంటావా, పుట్టింట్లో దింపి వస్తావా? అత్తగారు ఆ మాట విని మంచం పట్టింది. అమ్మ పక్షానికి ఇది బ్రహ్మాండమైన ఆధారం. "సూసినవా, ముసల్దాన్ని మంచాన వడేసింది!" అంది. వదిన, "ఆమె మంచం పట్టలే, పట్టినట్టు పండుకున్నది. మందు ఒక్కటన్న మింగిందా?" అంది. అది నిజం. నేను వెతికి చూశాను, రచయిత్రి మందు సంగతి రాయలేదు. ఆ రోజు నుంచి అమ్మా వదినా మాట్లాడుకోవడం మానేశారు. ఉప్పు కావాలన్నా నా ద్వారానే. అన్న రాత్రి వచ్చి, నా పక్కన కూర్చుని, "ఇయ్యాల ఎవరు గెల్శిండ్రురా?" అని అడిగేవాడు. తన కాపురం సంగతి ఆయనకు కూడా ఆ నవల నుంచే తెలుస్తోంది.

ఒక మధ్యాహ్నం ఆ గొడవ మధ్యలో బాపు లేచి వసారాలోకి వచ్చాడు. ఆయన అటు రావడమే వింత. వదిన చటుక్కున లేచి తలుపు చాటుకు వెళ్ళింది. బాపు మంచం మీద కూర్చుని, ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు. బజారులో అన్నదమ్ముల పంపకాలు తేలకపోతే ఆయన్నే పిలుస్తారు. అక్కడ ఎలా కూర్చుంటాడో ఇక్కడా అలాగే కూర్చున్నాడు.

"రెండు నెలల సంది ఇంటాన్న," అన్నాడు. "గా గుంటూరోళ్ళ పంచాయితీ ఇగ చాలు. గా పోరన్ని, పిల్లను పంపియ్యమను. కట్టేసి పెడ్తె మనుషులుంటరు గని మనసు ఉంటదా? పంపిస్తె పండుగకు పబ్బానికి వాళ్ళే వస్తరు. ఉంచుకుంటె ఒక్క ఇంట్లనే ఉండి మొఖాలు సూసుకోరు. ఎన్ని ఇండ్లు సూడలే నేను?"

ఎవరూ కదలలేదు. ఎదురింటి అత్త నోట్లో వక్క కూడా కదలలేదు.

"మొన్న మండికి గుంటూరు షావుకారి వస్తె గదే చెప్పిన," అన్నాడు బాపు. "నలుగురు ఉండంగనే చెప్పిన. మీ దిక్కు గా పెద్దింట్ల చిన్నకోడలు ఏరువడుతనంటాందట, అడ్డం పడొద్దని నా మాటగ చెప్పమన్న."

అప్పుడు తెలిసింది. నా గుసగుస ఆయనకు ఏనాడూ వినబడలేదు. వినబడిందల్లా అభిప్రాయాలే. వాటిలో పేర్లుండవు, చిన్నకోడలు, పెద్దాయన, గుంటూరు తప్ప. ఆయన దాన్ని బంధువర్గంలో ఎవరో తెలిసినవాళ్ళ తగాదా అనుకున్నాడు.

"గాయన ఏమన్నడు బాపూ?" అన్నాను.

"అలాగేనండీ, తప్పకుండా కబురు చేస్తానండీ, అన్నడు."

పాపం, బేరం కుదరాల్సిన మనిషి ఇంకేమంటాడు?

"బాపూ," అన్నాను, "గది కథ. పుస్తకంల కథ. గా పిల్ల లేదు, గా మేడ లేదు."

బాపు పత్రిక వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. "కథకా మీరు ఉప్పు గూడ అడుక్కుంటలేరు?"

"కథనే," అంది అమ్మ. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. "కథకు చెప్పిన మాట కథకే పాయె. లేవుండ్రి, చాయ పెడ్త."

బాపు లేవలేదు. అప్పుడు తలుపు చాటు నుంచి వదిన గొంతు వినిపించింది. ఆ ఇంటికి వచ్చాక ఆయనతో ఆమె నేరుగా అన్న మొదటి మాట అది.

"మామయ్యా, గా పిల్లకైతె ఒక మాట, నాకైతె ఒక మాటనా?"

నా దగ్గర ఆ క్షణానికి తగిన హాస్యం ఒకటి సిద్ధంగా ఉంది; మింగేశాను. బాపు చెప్పులు వేసుకుని, ఎండలోనే మండికి వెళ్ళిపోయాడు.

ఆ వారం గురించి చెప్పడానికేమీ లేదు, ఎవరూ నిద్రపోలేదన్నది తప్ప. వచ్చేది ఆఖరి భాగం. అమ్మ ఆశంతా దాని మీదే. వదిన మాత్రం సీరియల్ సంగతి ఎత్తడం మానేసింది. బాపు అడుగుల చప్పుడు వినబడినప్పుడల్లా చేతిలో పని ఆపేది.

ఆఖరి భాగంలో చిన్నకోడలు బుద్ధి తెచ్చుకుంది. అత్తగారి కాళ్ళ మీద పడింది. అత్తగారు లేచి కూర్చుంది. అందరూ కాఫీ తాగారు.

"రాస్తె గిట్ల రాయాలె!" అంది అమ్మ. ఎదురింటి అత్త ముక్కు చీదింది. వదిన లోపలికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. పొయ్యిలో మంట లేదు.

సాయంత్రం మండిలో బాపు బస్తాల మీద గోనెగుడ్డ కప్పిస్తూ, నన్ను చూడకుండానే అడిగాడు.

"గా పిల్ల ఏం జేసింది?"

"ఉండిపోయింది బాపూ. కాళ్ళు మొక్కింది."

"ఉండిపోయిందా?" అన్నాడు. గోనెగుడ్డ అంచు లాగి సరిచేశాడు. "అంటె గుంటూరాయన నా మాట చెప్పలే అన్నట్టు."

నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఆయన నవ్వడం లేదు.

"రాసినామెకు తెల్వది," అన్నాడు. "ఇయ్యాల కాళ్ళు మొక్కింది, రేపటి సంది పగ వడ్తది. గా ఇల్లు నిల్వది. నలుగురిల ఒక మాటన్నంక, నా ఇంట్ల ఇంకో మాటంటె మండిల నా మొఖం ఎవడు సూస్తడు? మీ అన్నకు చెప్పు, ఇల్లు సూసుకొమ్మను."

ఆ నవలకు మా ఊళ్ళో ఎందరో అభిమానులుండేవారు. ముగింపు నచ్చలేదన్న పాఠకుడు నాకు తెలిసి మా బాపు ఒక్కడే. అందులో ఒక్క అక్షరం కూడా ఆయన చదవలేదు.

ఇంటికి వచ్చి చెబితే అన్న నమ్మలేదు, ఇది నా జోకుల్లో ఒకటనుకున్నాడు. వదిన నమ్మింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక వసారాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది. అమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా, మూడో రోజు కారప్పొడి దంచి, పచ్చడి జాడీలు కట్టి, "గక్కడ వీళ్ళకు ఎవరు పెడ్తరు?" అని మిరపకాయల మధ్య కూర్చుని ఏడ్చింది. అది ఘాటేనని అందరికీ చెప్పింది.

శ్రావణంలో ఒక మంచిరోజు చూసి, బట్టల పెట్టె, జాడీలు, రెండు చాపలు రిక్షాలో వేసుకుని అన్నా వదినా హన్మకొండకు వెళ్ళారు. వెనక సైకిల్ మీద నేను వెళ్ళాను. వదిన కొత్తింటి గడపకు పసుపు రాసి, గదులు రెండూ తిరిగి చూసి, పచ్చడి జాడీలు గూట్లో పెట్టింది. ఈలోపు ఇంటి ఓనరు వచ్చి చెప్పాడు: నల్లా పొద్దున ఆరింటికి వస్తుంది, ఏడింటికి పోతుంది, బిందెలు ముందే కడిగి పెట్టుకోవాలి.