ఆ రోజు కిషోర్ పలకలేదు

సహోదరులారా, సహోదరీలారా, పాప్‌కార్న్ వాసన వస్తే మీకు నోరూరుతుందేమో గానీ నేను మాత్రం ఇప్పటికీ లేచి బయటికి వెళ్లిపోతాను, నవ్వకండి, ఆ సంగతి చెప్పడానికే నార్త్ డకోటా నుంచి ఇంత దూరం డ్రైవ్ చేసుకుని మళ్లీ చికాగో పక్కనున్న మన షామ్‌బర్గ్ సంఘం ముందుకు వచ్చాను.

మీలో చాలామందికి మేము తెలుసు. మా ఆయన కిషోర్ ఇక్కడే సాఫ్ట్‌వేర్ చేసేవారు, లేఆఫ్ అయ్యింది, వీసా గడువు తరుముకొస్తోంది, మీరంతా ఉపవాసముండి మా కోసం ప్రార్థన చేశారు. చివరికి కాల్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా, ఒక రైతుల కోఆపరేటివ్ నుంచి! వాళ్లు గింజలు నిలవచేసే పెద్ద పెద్ద ఇనప బిన్నుల్లో వేడినీ తేమనీ కనిపెట్టే సెన్సార్లు చూసుకునే పని. నాకూ అక్కడే లారీలు తూచే కాటా దగ్గర ఉద్యోగమిచ్చారు. "ప్రభువా, ఉద్యోగమడిగితే దాంతోపాటు ఈ చలిగాలినీ, చింతపండు దొరకని ఈ ఊరినీ కూడా ఇచ్చావేంటయ్యా" అని నేను సణుక్కున్న మాట నిజమే.

ఆ కోఆపరేటివ్ వాళ్లంతా జర్మన్ రైతుల మనవలు, మునిమనవలు. వాళ్ల పెద్దలు రష్యాలో ఉండే జర్మన్ పల్లెల నుంచి వలస వచ్చిన వాళ్లు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య, ఇంటి భాష బయట మాట్లాడితేనే జనం అనుమానంగా చూసే రోజుల్లో, వ్యాపారులు తూకంలో ముంచుతుంటే, ఆవుల్నమ్ముకుని అందరూ కలిసి ఒక గోదాము కట్టుకున్నారట, నీ గింజ నా గింజ అనకుండా కలిపి పోసి కలిపి అమ్ముకున్నారట. ఆ తొలి రోజుల్లోనే ఒక మనిషి గింజల్లో కూరుకుపోయి ఉంటే ఎవరూ చూసుకోక మెషీన్ వేసేశారట. ఆ ఘోరం తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నారు. బిన్ను ఖాళీ చేసే మెషీన్ వేసే ముందు యార్డులో ఉన్న ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పిలవాలి, అందరూ పలికాకే స్విచ్. ఇప్పుడు పిలిచేది ఓట్టో గారు, గోదాము కట్టిన వాళ్లలో ఒకాయన మనవడు, ముసలాయన, నవ్వడమే అరుదు. వాకీటాకీలో ఆయన పిలుపులు విని "ఏంటండీ, ఈ వయసులో మనకు బడి హాజరు" అని నేనూ కిషోర్ ఇంటికొచ్చి నవ్వుకునేవాళ్లం.

కోతల రోజులవి, ఊపిరాడని పని. భోజనాల వేళ ఒక బిన్నులో మొక్కజొన్న వేడెక్కుతోందని కిషోర్ ఫోన్‌కి అలర్ట్ వచ్చింది, తోడుండాల్సిన మనిషి తినడానికి వెళ్లాడు, ఎంతసేపులే అని ఈయన ఒక్కరే నిచ్చెనెక్కి పై తలుపులోంచి లోపలికి దిగారు. తేమ తగిలిన మొక్కజొన్న పైన పెచ్చు కడుతుందండీ, కింద గింజ తీసేసి ఉంటే లోపలంతా డొల్ల, చూడ్డానికి మాత్రం గట్టి నేలే. అడుగు వేశారు, పెచ్చు విరిగింది, ఛాతీ దాకా కూరుకుపోయారు! ఎంత అరిచినా పక్కన గింజ ఆరబెట్టే డ్రయ్యర్ల మోతలో ఆ ఇనప గోడ దాటి ఎవరికి వినపడుతుంది?

ఇదేమీ తెలియని మేము సరిగ్గా ఆ బిన్నునే ఖాళీ చేయడానికి లారీ పెట్టాం. ఆ లారీని కాటా వేసి పంపింది నేనే! స్విచ్ వేస్తే గింజ కింద నుంచి జారుతుంది, జారుతూ మనిషిని ఊబిలా లోపలికి లాగేస్తుంది.

ఓట్టో గారు పేర్లు మొదలుపెట్టారు. ఒక్కొక్కరూ పలికారు, నేనూ పలికాను. కిషోర్ పలకలేదు. మళ్లీ పిలిచారు, లేదు. "లంచ్‌కి వెళ్లుంటాడు, వెయ్యండి, నాకు ఇంకో లోడ్ ఉంది" అని లారీ డ్రైవర్ విసుక్కున్నాడు. నేను ఫోన్ చేశాను, మోగుతోంది గానీ ఎత్తడం లేదు. ఓట్టో గారు స్విచ్ తాళంచెవి తీసి జేబులో వేసుకున్నారు. "అతను పలికేదాకా వెయ్యను" అన్నారు, అంతే.

అందరూ వెతుకుతుంటే ఒకతను ఆ బిన్నెక్కి లోపలికి చూసి పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను పరుగెత్తుకెళ్లి "తాడు వేసి లాగండి, లాగండి!" అని ఓట్టో గారి చొక్కా పట్టుకుని ఊపేశాను. "లాగితే మనిషి విరిగిపోతాడు సుగుణా, ముందు గింజని ఆపాలి, తర్వాత తోడాలి" అని నా చేతులు గట్టిగా పట్టుకున్నారు. పొలాల్లో కోత మెషీన్లు ఎక్కడివక్కడే వదిలేసి మనుషులు వచ్చేశారు. గింజ మీదికి జారకుండా కిషోర్ చుట్టూ గోడలా రేకులు ఒక్కొక్కటే గింజల్లోకి దించుతున్నారు. లోపలి గింజ తగ్గాలని బయట బిన్ను గోడని రెండు వైపులా కోస్తుంటే ఊరందరి పంట నేలపాలవుతోంది, ఎవరి గింజ పోయిందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. ఇంతలో లోపల గింజ ఒక్కసారి జారింది, ఆయన గడ్డం దాకా వచ్చేసింది!

ఈ సంఘంలో గంటసేపు ప్రార్థన చేసే నాకు ఆ యార్డు బురదలో మోకరిస్తే వచ్చింది ఇంతే: "తండ్రీ, మేం పిలిస్తే ఆయన పలకట్లేదు, నువ్వు పిలువు. ఆయన ఊపిరి విడిచిన ప్రతిసారీ ఆ గింజ బిగుసుకుంటోందట, ఆ ఊపిరిని నీ చేతిలో పట్టుకో. గింజని ఆపు తండ్రీ, ఆపు!"

గింజ ఆగింది సహోదరులారా! చివరి రేకు దిగింది, లోపలి గింజ చేటలతో, చేతులతో తోడారు, పొద్దు వాలేవేళకి మా ఆయన్ని ప్రాణంతో బయటికి తెచ్చారు.

ఆసుపత్రిలో కళ్లు తెరిచి ఆయనన్న మాట వినండి. "సుగుణా, నడుముకున్న వాకీటాకీ గింజల కింద ఉండిపోయింది, అందులోంచి నా పేరు వినపడింది. నొక్కడానికి చెయ్యి అందలేదు. ఉన్నాను, ఉన్నాను అని గొంతు చించుకున్నాను. ఇక మెషీన్ చప్పుడొస్తుందని కళ్లు మూసుకున్నాను. రాలేదు."

ఈయన మళ్లీ పనిలో చేరిన రోజు ఓట్టో గారు "కిషోర్" అని పిలిస్తే "ఉన్నాను" అని పలికారు, ఆ తర్వాతి పేరు నాది, నాకు ఏడుపు తన్నుకొచ్చి నోరు పెగల్లేదు. అందరూ నిలబడి నా కోసం ఆగారు, ఓట్టో గారు కళ్లు తుడుచుకున్నారు, స్విచ్ మాత్రం వెయ్యలేదు.

మా కోసం ఉపవాసమున్న మీ ఒక్కొక్కరికీ వందనాలు, ఆ గింజని ఆపిన దేవునికే మహిమ. ఈ రోజు ఇక్కడ కూర్చున్న సహోదరుడా, సహోదరీ, వీసా భయంలోనో, జబ్బులోనో, తాగుడులోనో ఛాతీ దాకా కూరుకుపోయి, ఎంత అరిచినా ఎవరికీ వినపడట్లేదని అనుకుంటున్నావేమో. నీ పేరు తెలిసిన ప్రభువు నీ పేరు దగ్గరే ఆగి ఉన్నాడు, నిన్ను దాటి పోలేదు. ఒక్కసారి ఉన్నానని పలుకు.