అత్త వేసిన జాజిపందిరి

మొన్న పొద్దున నాయుడుపేటలో, మా అపార్ట్‌మెంట్ ప్రహరీ మీద గుబురుగా అల్లుకున్న రాధామనోహరం తీగను కొట్టించేశారు. సీసీ కెమెరాకు అడ్డం వస్తోందట. కూలికి వచ్చినతను మచ్చుకత్తితో మొదలు మీద వేటు వేసినప్పుడల్లా బాల్కనీలో కూర్చున్న నాకు భుజాలు అదిరిపడ్డాయి. అరవై దాటిన మనిషివి, తీగ నరికితే ఉలిక్కిపడతావేమిటత్తయ్యా అని మా కోడలు నవ్వింది. ఆ పిల్లకు చెబితే కథలా వింటుంది. మా ఈడువాళ్లకు చెబితే, ఇలాంటిది తమ ఇళ్లలోనూ చూసి ఉంటారు గనుక, నమ్ముతారు.

మా ఊరు దొరవారిసత్రం దాటి పులికాట్ వైపు పోయే దారిలో ఉంటుంది. ఇసుక కలిసిన నేల, పగలంతా ఉప్పుగాలి, బావిలో నీళ్లు కూడా కాస్త ఉప్పే. అటువంటి చోట పూలతీగ బతకడమే గొప్ప. అయినా మా చిన్నతనంలో ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా పూలకు మా వాకిట్లోకే వచ్చేవారు. ఆ తీగలు పెంచింది మా అత్త, అంటే మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు.

అత్తను చిల్లకూరు పక్క పల్లెకిచ్చి చేశారు. మామ చూడ్డానికి మెత్తగా మాట్లాడే మనిషి. చేతులు మాత్రం మెత్తనివి కావు. కూర చల్లారిందని ఒకసారి, పక్కింట్లో నిలబడి మాట్లాడిందని ఒకసారి, ఏ కారణమూ లేక ఎన్నోసార్లు కొట్టేవాడు. ఒక చెంపదెబ్బకు ఆమె ఎడమ చెవి వినిపించకుండా పోయింది. రెండుసార్లు పుట్టింటికి వస్తే రెండుసార్లూ మా నాయనే బస్సెక్కించి తీసుకెళ్లి దిగబెట్టి వచ్చాడు. ఆ రోజుల్లో అన్నలు చేసే పని అదే. మూడోసారి వచ్చినప్పుడు కుడి మణికట్టు విరిగి వేలాడుతోంది. ఆ చేయి చూసి నాయన పశువుల కొట్టంలోకి వెళ్లి కూర్చున్నాడు. కట్టు కట్టించారు గానీ ఎముక వంకరగానే అతుక్కుంది.

కట్టు విప్పిన వారానికే అత్త వాకిట్లో పాదు తవ్వడం మొదలుపెట్టింది. ఉప్పు నేలను మోకాలి లోతు తీసి పారబోసి, చెరువు మట్టి, పేడ ఎరువు మోసుకొచ్చి నింపింది. సన్నజాజి కొమ్మ ఒకటి ఎక్కడినుంచో తెచ్చి నాటింది. బావినీళ్లు పోస్తే చస్తుందని బియ్యం కడిగిన నీళ్లు, చేపలు కడిగిన నీళ్లు పోసేది. వేలాడే కొమ్మను వంచి మట్టిలో పాతి మీద రాయి పెడితే అక్కడ వేరు పట్టి ఇంకో మొక్కయ్యేది. జాజి పక్కన రాధామనోహరం, తడిక మీద శంఖుపూలు పాకించింది. వెదురు గుంజలు పాతి పందిరి వేసి, వంకర చేత్తో తీగను పట్టుకుని, నార కొసను పళ్లతో బిగించి కట్టేది. పూత అయిపోగానే మాత్రం దయాదాక్షిణ్యం లేకుండా మచ్చుకత్తితో కొమ్మలు నరికేసేది. అట్లా కొడితేనే కొత్త చిగురు వస్తుందని చెప్పేది. రెండేళ్లకల్లా మా ఇంటి ముందు ఎండ పడటం మానేసింది. అత్త నవ్వడమూ నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఒక కోతల కాలంలో, మగవాళ్లంతా పొలాల్లో ఉన్న పూట, మామ తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని అద్దె జీపులో దిగాడు. ఇంట్లో అమ్మ, అవ్వ, అత్త, నేను. అత్త పందిరి కింద కూర్చుని కొమ్మలు సరిచేస్తోంది. పలకరింపు లేదు, ఏమీ లేదు. మామ నేరుగా వచ్చి జుట్టు చేతికి చుట్టుకుని ఈడ్చాడు. అత్త రెండు చేతులతో గుంజను పట్టుకుంది. చెప్పు తీసి ఆ వంకర మణికట్టు మీదనే కొట్టాడు. అవ్వ అడ్డం పోతే తమ్ముడు తోసిన తోపుకు గడప మీద పడి నుదురు పగిలింది. అమ్మ వీధిలోకి పరుగెత్తి పెద్దగా కేకలు పెట్టింది. నేను అవ్వ పక్కన కూలబడి, నెత్తురు కారుతున్న నుదుటిని రెండు చేతులతో అదిమి పట్టాను.

అత్త గుంజ వదల్లేదు. అప్పుడు మామ కళ్లు కింద పడి ఉన్న మచ్చుకత్తి మీద పడ్డాయి.

"ఈ తీగలు జూసుకునే గదా నీకింత పొగరు!" అని జాజి మొదలు మీద వేశాడు. నాలుగు వేట్లకు అది తెగింది. రాధామనోహరాన్నీ నరికాడు. ఆ ఊపులో పందిరి కట్లు తెగి, వెదుళ్లు, ఆకులు, పూలు అన్నీ కలిసి ఫెళఫెళమంటూ మామ మీదా అత్త మీదా కూలాయి.

ఆ ఆకుల కుప్పలోంచి ముందు లేచింది అత్త. చేతిలో ఊడివచ్చిన గుంజ ఉంది. మొదటి దెబ్బకు మామ చేతిలో కత్తి ఎగిరిపడింది. రెండో దెబ్బ మోకాలి మీద పడ్డప్పుడు ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఇప్పటికీ చెవుల్లో ఉంది. తమ్ముడు జీపు వైపు పారిపోతుంటే అప్పటికే వీధి ఆడవాళ్లంతా పొరకలు, రోకళ్లు పట్టుకుని వచ్చేశారు. వాడికీ తగలవలసినవి తగిలాయి. అత్త మాత్రం ఆగలేదు. పడిపోయిన మనిషిని కొడుతూనే ఉంది. అమ్మ వెనకనుంచి గట్టిగా పట్టుకుంది.

"చాలమ్మా, చస్తాడు!"

"సావనీ వదినా. నేను సచ్చినన్ని సార్లు సావనీ."

మరునాడు ఊరి పెద్దలు మా వాకిట్లో, వాడిపోతున్న ఆకుల పక్కనే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మొగుణ్ణి కొట్టిన ఆడది ఊరికి అరిష్టమనీ, పోయి కాళ్లు పట్టుకుని కాపురం చేసుకోవాలనీ తేల్చారు. అత్త గడపలో నిలబడి, వినిపించే చెవిని వాళ్ల వైపు తిప్పి, అంతా విన్నది.

"పోతే నా పీనుగే పోవాల. బతికుండంగా పోను."

అందరూ నాయన వైపు చూశారు. ఆయన ఎప్పుడూ పెద్దల మాటకు ఎదురు చెప్పి ఎరుగడు. తలకు కట్టుకున్న తువ్వాలు విప్పి, మళ్లీ కట్టుకుని, "రెండుసార్లు నేనే తీసకపోయి ఆ నరకంలో దించొచ్చినా పెద్దయ్యా. ఇంక నా చెల్లెలు యాడికీ పోదు. మీరు లెయ్యండి" అన్నాడు. అంతకంటే పెద్ద మాట ఆయన జీవితంలో మరెప్పుడూ అనలేదు.

జాజి చచ్చిపోయింది. రాధామనోహరం మాత్రం వానలకు నరికిన మోడులోంచి చిగురించింది. అత్త ఈసారి తాటిగుంజలు పాతించి కొత్త పందిరి వేయించింది, కొత్త జాజి నాటింది. అంతకుముందు పూలు కట్టి ఊరందరికీ పంచేదే గానీ తాను పెట్టుకునేది కాదు. ఆ తర్వాత రోజూ తలనిండా పెట్టుకుంది. మొగుణ్ణి వదిలిన దానికి పూలేమిటని అన్నవాళ్లను వినిపించని చెవి వైపు ఉంచింది. మామ కుంటుకుంటూనే మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆ కబురు తెలిసిన రోజు అత్త అన్నం తినలేదు. "పాపం, ఆ పిల్లకి ఎవరుండారో" అని ఒక్కమాట అన్నది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆడదాన్ని కొడితే చట్టాలున్నాయి, ఫోను చేస్తే పోలీసులు వస్తారు, కాళ్లు పట్టుకోమని చెప్పే పెద్దలూ లేరు. అంతా మంచికే. కానీ పోయిన నెల ఒక మధ్యాహ్నం మా పై అంతస్తులో ఒక ఆడపిల్ల ఏడుపు, దేన్నో గోడకేసి కొట్టిన చప్పుడు వినిపించాయి. మోకాళ్ల నొప్పితోనే మెట్లెక్కి వెళ్లి బెల్లు కొట్టాను. లోపల టీవీ శబ్దం పెరిగింది. మిగతా మూడు తలుపుల వెనకా మనుషులున్నారు, వాళ్ల చెప్పులు బయటే ఉన్నాయి. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. కేక వినపడితే ఎవరిదని అడగకుండా చేతిలో ఉన్నదానితో పరుగెత్తుకొచ్చే వీధి ఒకటి మనకుండేదని, అది ఎప్పుడు పోయిందో కూడా గమనించుకోలేదని అనుకుంటూ, ఆ బెల్లు మీద వేలు తీయకుండా అక్కడే నిలబడ్డాను.