దీవెనమ్మ గీసిన రాక్షసుడు

శిరివెళ్ల చర్చి వసారాలో ప్రతి ఆదివారం పొద్దున దీవెనమ్మ గొంతుక్కూర్చుని, సండేస్కూలు పిల్లలకు కథ చెబుతూ నాపరాయి మీద సుద్దముక్కతో ఒక రాక్షసుణ్ణి గీసేది. కోరలు ముందు, కళ్లు ఆఖర్న. నంద్యాలలో ఆరో తరగతితో చదువు ఆపేసిన ఆమెకు బైబిల్లోని దేవుడు ఎంత నిజమో, కుందూ నది నీళ్లన్నీ ఒక్క గుక్కలో తాగేసే ఆ రాక్షసుడూ అంతే నిజం. కథ అయిపోగానే ప్రభువు పేరు చెప్పి, పిల్లలంతా వాణ్ణి కాళ్లతో తొక్కి చెరిపేయాలి.

పంతొమ్మిది వందల ఎనభై రెండు ఎండాకాలంలో ఒకనాడు ఆమె నుదుటి చెమటబొట్టు ఆ బొమ్మ కంటి కింద పడి, సుద్ద కరిగి చెంప మీదికి కారింది. ఆమె గమనించలేదు. పిల్లలు తొక్కడానికి లేచారు. ఏడేళ్ల సలోమి మాత్రం బొమ్మకు అడ్డంగా నిలబడింది.

"ఏందే, తొక్కనీయవా?" అంది దీవెనమ్మ.

"ఏడుస్తాండాడు టీచరమ్మా. తప్పయిందంటాండాడేమో."

దీవెనమ్మ వంగి ఆ కంటి కింది తడి చూసి, "సరే, ఇండ్లకు పోండి" అంది.

సాయంత్రం ప్రార్థనకు వచ్చిన పెద్దలు ఆ బొమ్మను తొక్కుకుంటూనే లోపలికి పోయారు. అందరికంటే వెనక వచ్చిన దీవెనమ్మ కుచ్చిళ్లు పైకి పట్టుకుని, ఇంకా చెరగని ఆ కంటిని తప్పుకుని నడిచింది.