మూడో చుక్క

గుంటూరు దగ్గర మా యూదుల పేటలో పిల్లలకు ప్రార్థనలూ సైన్సూ చెప్పింది ఒక్క మాస్టారే. శనివారం సాయంత్రం మూడు చుక్కలు పొడిస్తేగాని మా విశ్రాంతిదినం ముగియదు. అంతవరకు పలక ముట్టనిచ్చేవారు కాదు. తొందరలో నేను శుక్రుణ్ణి కూడా కలిపేసేదాన్ని.

"అది గ్రహం అమ్మాయ్, లెక్కలోకి రాదు. దేవుడు పెట్టినవాటిని సరిగా చూడకపోతే ఎట్టా?" అనేవారు. ప్రార్థనలో కళ్లు కప్పుకునే ఆ చేత్తోనే చుక్కను చూపించేవారు.

ఇప్పుడు కువైట్‌లో ఇంటిపనికి శనివారమని సెలవు లేదు. సాల్మియాలో డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ ఆకాశం వెతుకుతాను. దుమ్ములో రెండే చుక్కలు, పక్కన శుక్రుడు. కలుపుకుంటే మూడు. కాదనడానికి మాస్టారు లేరిక్కడ.

కింది నుంచి యజమానురాలు "యల్లా!" అని తొందరపెడుతూ కేకేస్తుంది. ఇక్కడ ఆమెను మేం మామా అనే పిలవాలి.

"ఇంకొక్కటి రానీ మామా," అని తెలుగులోనే గొణుక్కుంటూ నిలబడతాను.