అమ్మ చెవి

బొమ్మలు గీయడం నాకు ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. నాన్న ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేవారు. ఒకవైపు టైపు కొట్టి పారేసిన కాగితాలు ఇంటికి తెచ్చేవారు. వాటి వెనకవైపు నేను బొమ్మలు వేసేవాణ్ని. బియ్యం ఏరుతున్న అమ్మ, అటు తిరిగి పడుకున్న నాన్న, నేలమీద పాకుతున్న చెల్లెలు. ఆలోచన కంటే ముందే గీత వచ్చేసేది.

కంచు అలా కాదు. ఇరవై ఏళ్లు దాటాక ఫైన్ ఆర్ట్స్ కళాశాలలో నేర్చుకున్న పని అది. గీత నేనొక్కణ్నే గీస్తాను. కంచు బొమ్మ మీద చాలామంది చేతులు పడాలి. ముందు మట్టితో బొమ్మ చేసి, దానికి అచ్చు తీసి, ఆ అచ్చుతో బోలు మైనపు బొమ్మ పోస్తారు. దాని లోపలా చుట్టూ మళ్లీ మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగి కారిపోయాక మిగిలిన ఖాళీలో కరిగిన కంచు పోస్తారు. అంతదాకా వెళ్లేసరికి మొదట చూసిన మనిషి మసకబారిపోయే ప్రమాదం ఉంది. అందుకని మట్టి ముట్టుకునే ముందు ఎవరినైనా చాలాసార్లు గీసుకుంటాను.

నాన్న రిటైరయ్యాక ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌లో ఒక సెక్టారులో ఇల్లు తీసుకున్నాం. మేడమీద ఒంటిగది నాకిచ్చారు. చెల్లెలు సివిల్స్‌కి చదువుతూ ఢిల్లీలో కోచింగ్ సెంటర్లుండే ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మరో ఇద్దరమ్మాయిలతో అద్దెగదిలో ఉండేది. అప్పటికి మెట్రో అటువైపు వచ్చింది గాని మా వైపు రాలేదు. రోజూ తిరగడం కుదరదని అక్కడే ఉండి ఆదివారాలు ఇంటికి వచ్చేది. అమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. నాతో మాత్రం రెండూ కలిపి మాట్లాడేది.

ఒక వేసవిలో తన తల కంచులో చేస్తానన్నాను. భోజనం అయ్యాక మేడమీదికి వచ్చి స్టూలు మీద కూర్చునేది. ఒళ్లో భూగోళం నోట్సు ఉండేది. నదుల పేర్లు పైకి చదువుకునేది.

"కదలకు" అనేవాణ్ని.

"కదలట్లేదు యార్ అన్నయ్యా, ఊపిరి తీసుకుంటున్నా."

"నోరు కదులుతోంది."

"అయితే నోరు లేకుండా చేసెయ్. అమ్మ ఖుష్ హో జాయేగీ."

కాసేపటికి లేచి వచ్చి నా వెనక నిలబడి మట్టి తలని చూసేది. "ముక్కు నిజంగా ఇంత లావా?"

"అంతే ఉంది."

"ఇంటర్వ్యూ బోర్డు వాళ్లకి చెప్పకు, ప్లీజ్."

వర్షాకాలం వచ్చేసరికి ముఖం దాదాపు అయిపోయింది. కిటికీ తనకి కుడివైపు ఉండేది. వెలుతురు పడని ఎడమవైపు తర్వాత చూసుకుందామని వదిలేశాను. అక్కడ చెవి ఉండాల్సిన చోట ఒక మట్టిముద్ద ఉంది, అంతే.

వానలు తగ్గుతుండగా తన గదిలో ఉండే అమ్మాయి ఫోన్ చేసింది. చెల్లెలికి జ్వరం తగ్గడం లేదంది. నేనూ నాన్నా వెళ్లి తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు. రక్తం ఎక్కించారు. నేను మంచం పక్కన కూర్చున్నాను. ఒక మధ్యాహ్నం తను నిద్రపోతుంటే మందుల చీటీ వెనక తన ముఖం గీస్తున్నాను. నాన్న లోపలికి వచ్చి చూశారు.

"ఏం చేస్తున్నావురా?"

"తెలీదు నాన్నా" అన్నాను. నిజంగానే తెలీదు. చెయ్యి తనంతట తాను కదిలింది. నాన్న ముఖం తిప్పుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు.

మర్నాడు తెల్లవారుతుండగా చెల్లెలు పోయింది.

నేను ఏడవలేదు. చేయాల్సిన పనులన్నీ సక్రమంగా చేశాను. ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెట్టాను, ఊళ్లోవాళ్లకి ఫోన్లు చేశాను, ఢిల్లీలో తెలుగు పురోహితుడి కోసం వెతికి పట్టుకొచ్చాను. మా పిన్ని విజయవాడ నుంచి వచ్చి నా వీపు నిమిరి, "ఏడవరా నాయనా, ఏడిస్తే గుండె తేలికపడుతుంది" అంది. బస్సు ఎక్కడ ఆగుతుందో ఎవరో చెబుతుంటే విన్నట్టు విన్నాను. ఆకలి మామూలుగానే వేసేది. నిద్ర మామూలుగానే పట్టేది. అదే నాకు వింతగా ఉండేది.

కర్మలు పూర్తయి చుట్టాలు వెళ్లిపోయిన రోజు మేడమీదికి వెళ్లాను. మట్టి బొమ్మకి ఎప్పుడూ తడిగుడ్డ కప్పి ఉంచాలి, లేకపోతే ఎండి పగులుతుంది. ఇన్నాళ్లలో నేను ఒక్కసారి కూడా నీళ్లు చల్లలేదు. ముక్కలైపోయి ఉంటుందనుకుంటూ తలుపు తీశాను. గుడ్డ తడిగానే ఉంది.

మర్నాడు పొద్దున మెట్లమీద అమ్మ ఎదురైంది. చేతిలో నీళ్ల మగ్గు ఉంది.

"ఎండితే పగులుతుందన్నావుగా" అంది. అని కిందికి దిగిపోయింది.

ఆ తర్వాత పొద్దున అమ్మ, సాయంత్రం నేను తడిపేవాళ్లం. కొన్ని వారాలకి గుడ్డ మీద బూజు పట్టింది. మట్టి వాసన మారింది. ఇక దాన్ని అలా ఉంచడం కుదరదు, పోత పోయించాలి, లేదా తీసి డబ్బాలో వేసేయాలి. ఆ మాట అమ్మకి చెప్పాను.

అమ్మ బొమ్మ చుట్టూ తిరిగి చూసింది. "ఈ పక్క చెవి లేదు కదరా."

ఫొటోలు వెతికాను. అన్నిటిలోనూ ఎడమవైపు జుట్టు పడి ఉంది. నేను వేసిన బొమ్మలన్నీ కుడివైపు నుంచి వేసినవే. జ్ఞాపకం మీద గీద్దామని కూర్చుంటే చెవులు వస్తూనే ఉన్నాయి, అవి ఎవరివో తెలియడం లేదు. పాకే వయసు నుంచి గీస్తున్న మనిషి చెవి నాకు తెలీదు. బాధపడాలనిపించింది. బాధ రాలేదు.

"నా చెవి చూసి చెయ్యి" అంది అమ్మ. "అది పుట్టగానే మీ నాయనమ్మ అంది, రంగు నాన్నది, చెవులు నీవీ అని."

ఆ మధ్యాహ్నం అమ్మ వంటింటి పని ముగించుకుని, తల దువ్వుకుని పైకి వచ్చింది. ఎడమచెవి మీద వెలుతురు పడేలా స్టూలు తిప్పి వేశాను. ఎడమచెవి దుద్దు తీసి కొంగు చివర ముడి వేసుకుంది. మట్టి తీసే ముందు కాగితం మీద గీశాను. పైఅంచు కాస్త మడత పడి ఉంది. తమ్మె ముఖానికి అతుక్కున్నట్టు ఉంది. అమ్మ కొంచెం కూడా కదల్లేదు.

"కావాలంటే కాసేపు అటూ ఇటూ తిరగొచ్చమ్మా."

"వద్దు. కానీయ్."

మట్టిలో చెవి మడత పెడుతుండగా అమ్మ గోడవైపు చూస్తూనే అంది: "అది పోయిన రోజు పొద్దున, మీ ఫోను రాకముందు, పాల భయ్యాకి చెప్పాను, రేపట్నించి ఇంకో అరలీటరు పొయ్యమని. ఇంటికొచ్చాక ఒంట్లో ఓపిక రావాలి కదా అని."

"ముఖం కొంచెం కిటికీ వైపు తిప్పమ్మా" అన్నాను. తిప్పింది. మేం ఇద్దరం చీకటి పడేదాకా పనిచేశాం.

పోత పోసిన రోజు నాన్న కూడా ఫౌండ్రీకి వస్తానన్నారు. మా ఇంటికి దూరం కాదు, కార్ఖానాల మధ్య రేకుల షెడ్డు. యజమాని పెద్దాయన నాన్నకి ప్లాస్టిక్ కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. కొలిమి హోరులో మాటలు వినబడేవి కావు. ఇద్దరు పనివాళ్లు పొడవాటి పట్టకార్లతో కంచు కరిగిన మూసని ఎత్తి, కాల్చిన మట్టి అచ్చులోకి కంచు వంచారు. ఎర్రగా, నూనెలా చిక్కగా దిగింది. ఆ క్షణంలో ఏదో అవుతుందని అనుకున్నాను. కాళ్లకి సెగ తగిలింది, అంతే.

బయటికి వచ్చాక నాన్న అడిగారు. "లోపల కూడా కంచేనా?"

"కాదు నాన్నా. లోపల ఖాళీ ఉంటుంది."

"నింపరా?"

"నింపితే చల్లారేటప్పుడు పగిలిపోతుంది."

"అచ్ఛా" అన్నారు నాన్న.

అచ్చు పగలగొట్టి తీసినప్పుడు తల నల్లగా, కంచు పోసిన గొట్టాలు పొడుచుకొచ్చి ఉంది. ఎడమచెవి వెనక చిన్న రంధ్రం పడితే వెల్డింగు చేయించాను. చాలా రోజులు ఆకురాయి పట్టుకుని అతుకులు అరగదీశాను. ముఖం మీద, ముక్కు మీద, చెవి మీద. మెరుగు వచ్చేకొద్దీ అది నాకు ఒక పనిగానే కనబడింది. బాగా చేయాలనుకున్నాను, చేశాను.

ఇంటికి తెచ్చాక హాల్లో బల్లమీద పెట్టారు నాన్న. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"బానే ఉంది. ఇంత నెమ్మదిగా మాత్రం అది ఎప్పుడూ లేదు."

పక్కింటి ఆంటీ చూసి, "బిల్కుల్ వైసీ హీ హై" అంటూ, అచ్చం తనలాగే ఉందని కళ్లు ఒత్తుకుంది. అమ్మ ఆవిడకి టీ ఇచ్చింది. కొన్నాళ్లకి టీవీతో పాటు దాన్నీ తుడవడం మొదలుపెట్టింది. ఇల్లు మళ్లీ ఇల్లులా నడిచింది. నేను మాత్రం చాలాకాలం మట్టి ముట్టుకోలేదు. ఘాజియాబాద్‌లో ఒక బడిలో డ్రాయింగు చెప్పే ఉద్యోగం దొరికితే చేరాను. పిల్లలకి కూజాలూ మామిడికాయలూ గీయడం నేర్పేవాణ్ని. దారిలో ఢిల్లీలో ఆశ్రమ్ అనే కూడలి దగ్గర బస్సు మారాలి.

ఒక చలికాలం పొద్దున అక్కడ బస్సు కోసం నిలబడ్డాను. ఎదురుగా ఒకావిడ శాలువా కప్పుకుని మూట మీద కూర్చుని కునుకు తీస్తోంది. అలవాటుగా బొమ్మల పుస్తకం తీసి గీశాను. తల వాలిన తీరు కుదిరింది. భుజం కుదరలేదు, చెక్కపలకలా వచ్చింది. ఉన్నట్టుండి, చెల్లెలు పోయాక మొదటిసారి, నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు, చెవులు వేడెక్కేంత. ఇన్నేళ్లుగా గీస్తూ ఒక భుజం వేయలేనా అని ఆ కాగితం చింపేశాను. అంతలో బస్సు వచ్చింది.

"ఆనా హై క్యా?" కండక్టరు తలుపు బాదుతూ అరిచాడు.

ఎక్కను, వెళ్లిపొమ్మని చెయ్యి ఊపాను. ఆవిడ ఇంకా నిద్రలోనే ఉంది. కొత్త కాగితం మీద ముందు భుజమే మొదలుపెట్టాను. ఈసారి కొంచెం నయం.