పల్లీ మొలకలూ, నా శాస్త్రవేత్త వేషమూ

చేతికందబోతున్న ఉద్యోగాన్ని చేజేతులా నేలపాలు చేసుకోవడం ఎలాగో తెలియకపోతే నన్నడగండి. పిడికెడు పల్లీలు చాలు.

న్యూజెర్సీలో ఎమ్మెస్ చదువుతున్న రోజులవి. మా ప్రొఫెసర్ సుజాత మేడమ్ సమ్మర్‌కి తన ల్యాబ్‌లో ఒక్కరినే ఉద్యోగంలోకి తీసుకుంటానని, ఒక పరీక్ష పెట్టారు. మొలకెత్తే గింజ తనలోని నూనెను అరిగించుకోవడానికి లైపేజ్ అనే ఎంజైమ్‌ని తయారుచేసుకుంటుంది. దాన్ని బయటికి తీసి, పనిచేస్తోందని చూపించాలి. ఆ సీటు నాదే కావాలని పట్టుబట్టాను.

ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ కిచెన్‌లో పల్లీలు నానబోసి, తడిగుడ్డలో మూటకట్టి, పసిబిడ్డల్లా సాకాను. మొదటి మూట బూజు పట్టింది. అయినా వదల్లేదు. మళ్ళీ కడితే తెల్లటి మొలకలొచ్చాయి.

"ఏందే, తినొద్దా ఇవి?" అంది రూమ్మేట్ స్వప్న.

"ముట్టుకుంటే చంపేస్తా!"

తీరా బయల్దేరేముందు అవి నల్లబడతాయేమోనని భయమేసింది. మా ఇంట్లో మొలకలంటే పైన నిమ్మకాయ పిండాల్సిందే. నేనూ ఒక చెక్క పిండాను. శాస్త్రీయంగానే లెండి, గింజలు పడకుండా.

ల్యాబ్‌లో వాటిని చల్లటి నీళ్ళతో నూరి వడకట్టాను. నూనె కలిపిన గులాబీరంగు నీళ్ళలో ఆ రసం వేయాలి. నూనె అరిగితే ఆమ్లం పుడుతుంది, ఆమ్లం తగిలితే రంగు పోతుంది. నా చుక్క పడిందో లేదో, రంగు మాయం! ఆలూ లేదు చూలూ లేదు, ఎంజైమ్ పేరు సోమలింగం. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను.

"కనిపెట్టేశానమ్మా!"

"నాన్నగారికి చెప్పనా?"

"ఊరందరికీ చెప్పు!"

మేడమ్ వచ్చి చూశారు. నూనె లేని ఉత్త గులాబీ నీళ్ళు తీసుకుని నా రసం ఒక చుక్క వేశారు. అందులోనూ రంగు పోయింది.

"నీ ఎంజైమ్ నీళ్ళని కూడా అరిగిస్తోందా అమ్మా?"

"చాలా స్ట్రాంగ్ ఎంజైమ్, మేడమ్."

"ఇందులో ఏం కలిపావు?"

"ఏమీ లేదు... కొంచెం నిమ్మరసం."

"ఉప్పూ కారం కూడా వేస్తే ఈవెనింగ్ స్నాక్ అయ్యేదిగా!"

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ కాళ్ళు గుమ్మం వైపు కదల్లేదు.

"ఇంకొక్క ఛాన్స్ ఇవ్వండి మేడమ్."

"నెక్స్ట్ వీక్ రా. నిమ్మకాయ ఇంట్లో పెట్టి రా."

మళ్ళీ నానబోశాను, మళ్ళీ నూరాను. ఈసారి నూనె కలిపిన గులాబీ నీళ్ళలో ఒక చుక్క, నూనె లేనివాటిలో ఒక చుక్క వేస్తే ఏమీ కాలేదు. లంచ్ మానేసి అక్కడే నిలబడ్డాను. చూస్తూ చూస్తూ ఉండగా నూనె ఉన్నదాంట్లో రంగు మెల్లగా పాలిపోయింది. ఉత్త నీళ్ళు గులాబీగానే ఉన్నాయి.

"మండే నుంచి జాయిన్ అవ్వు," అన్నారు మేడమ్.

ఎగిరి గంతేసి ఫోన్ చేశాను. అమ్మ నేనేమీ చెప్పకముందే నీరసంగా అడిగింది: "మళ్ళీ కనిపెట్టావా?"

అందుకే ఒట్టేసుకున్నాను. ఇకమీదట సాక్షాత్తూ అమృతాన్నే కనిపెట్టినా సరే, ఉత్త నీళ్ళతో ఒకసారి పోల్చి చూశాకే ఇంటికి ఫోన్ చేస్తాను.