ఒకే జత బూట్లలో ఇద్దరం

మా అక్కయ్య పోయిందన్న కబురు వచ్చేసరికి నేను మా అత్తగారికి గంజి తాగిస్తున్నాను. అక్కయ్య అంటే తోబుట్టువు కాదు, మా పెద్ద తోడికోడలు. జ్వరం తగ్గడం లేదని ఆస్పత్రిలో చేర్చారు. రెండు రోజుల్లో వచ్చేస్తానని చెప్పి తనే నడిచివెళ్ళి ఆటో ఎక్కింది. గుండె తట్టుకోలేదట. బావగారు ఫోన్లో "మీ అక్క లేదమ్మా" అని మాత్రం అన్నారు. నా చేతిలో చెంచా ఉంది, అత్తగారి గడ్డం మీద గంజి కారుతోంది. ముందు అది తుడిచి, తర్వాత చెప్పాను. ఆవిడ నోరు మూసుకున్నారు. ఆ పూట మళ్ళీ తెరవలేదు.

నేను ఆస్పత్రికి వెళ్ళలేదు. వెళ్ళడానికి వీల్లేదు. ఇద్దరు కోడళ్ళలో ఒకరు ఎప్పుడూ అత్తగారి దగ్గర ఉండి తీరాలి, ఆ ఇద్దరిలో నేనే మిగిలాను. అక్కయ్యనే ఇంటికి తెచ్చి హాల్లో పడుకోబెట్టారు.

చూడ్డానికి వచ్చినవాళ్ళంతా దేవతలాంటి మనిషి అన్నారు. నాకు ఒళ్ళు మండింది. దేవతలకి మోకాళ్ళ నొప్పులుండవు. దేవతలు పక్కవాళ్ళ కంచంలోంచి మాగాయ టెంక ఎత్తుకుపోరు. తన గొంతు నాలుగు క్వార్టర్ల అవతలికి వినిపించేది, అలిగితే ఆ గొంతే పూటంతా వినిపించేది కాదు. తను రాయపూర్‌లో ఈ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ క్వార్టర్లో నాతోపాటు ఇరుక్కుపోయిన మనిషి. నాకు గుర్తున్నది ఆ మనిషి, ఆవిడ గురించే రాస్తున్నాను.

మాది టెక్కలి వైపు. అన్నదమ్ములిద్దరికీ వేగన్ వర్క్‌షాపులోనే ఉద్యోగం కాబట్టి ఇద్దరు కోడళ్ళం ఒకే ఇంట్లోకి వచ్చాం. పిల్లలు చదువులకని తలో ఊరూ వెళ్ళాక ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది అనుకునేలోపే అత్తగారు బాత్రూంలో జారిపడ్డారు. తుంటి విరిగింది, మరి అతకలేదు. ఆవిడకి రెండు పట్టుదలలు ఉండేవి. పరాయిదాని చెయ్యి తన ఒంటి మీద పడకూడదు. కన్నకొడుకుల చేత చీర మార్పించుకునే గతి పట్టకూడదు. ఒక ఆయాని పెట్టి చూశాం. ఆమె ఉన్నంతసేపూ అత్తగారు పళ్ళు బిగించి, దుప్పటి గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నారు. సాయంత్రానికి ఆయాయే దండం పెట్టి వెళ్ళిపోయింది. ఇక మిగిలింది మేమిద్దరం.

ఒకరు వెళ్తే ఒకరు ఉండాలి. పెళ్ళికైనా, పేరంటానికైనా, పండరీ బజార్లో జాకెట్టు గుడ్డకైనా ఒక్కరమే. మమ్మల్ని ఇద్దర్నీ కలిపి బయట చూసినవాళ్ళు లేరు. నాకు కిటికీ చువ్వలు పట్టుకుని ఏడవాలనిపించే రోజులుండేవి, ఏడ్చేదాన్ని కూడా. అక్కయ్య ఊరుకునేది కాదు. "మనం జైల్లో లేమే, డ్యూటీలో ఉన్నాం. రిలీఫ్ వచ్చేదాకా డ్యూటీ దిగకూడదు, అంతే కదేటి" అనేది. రైల్వే ఇంట్లో పుట్టి రైల్వే ఇంటికి వచ్చిన మనిషి, అన్నిటికీ ఆ భాషే. నేను కూరలు తేవడానికి వెళ్ళి వస్తే గుమ్మంలోనే "రిలీవర్ వచ్చింది, నేను దిగుతున్నాను" అని చెంగు దులుపుకునేది. దిగి ఎక్కడికి వెళ్ళేదనుకున్నారు? వంటింట్లోకి.

క్వార్టర్ల వెనక గోడ అవతల, వర్క్‌షాపులోకి వేగన్లు వెళ్ళే పాత లైను ఒకటి ఉండేది. పట్టాలు ఎప్పుడో పీకేశారు, తుమ్మలు మొలిచాయి, చెత్త పోసేవారు. ఒక ఏడాది వాటిని కొట్టేసి, చదును చేసి, నల్లగా నున్నటి బాట వేశారు. ఒక పక్క సైకిళ్ళకి ఎర్ర రంగు, ఇంకో పక్క నడిచేవాళ్ళకి. అక్కడక్కడా బెంచీలు, వేపమొక్కలు. కాలనీ అంతా దాన్ని పాత్‌వే అంటుంది. అటు చివర మోవా అనే పేట వైపు తేలుతుందని విన్నాం.

అక్కయ్య దసరా చీరలకని పండరీ వెళ్ళి, తన చీర మానేసి ఒక జత తెల్ల బూట్లు కొనుక్కొచ్చింది. ఒకే జత. రెండోది ఎందుకు, ఇద్దరం ఒకేసారి వెళ్ళేది లేదు కదా అంది. నా పాదం తనదానికంటే చిన్నది. ముందు గుడ్డముక్క కుక్కుకుని తొడుక్కునేదాన్ని. తీయడం మర్చిపోతే మర్నాడు తన అరుపు వినిపించేది, నీ గుడ్డ మళ్ళీ నా బొటనవేలు మింగిందే అని.

మగవాళ్ళు షిఫ్టుకి వెళ్ళగానే ముందు తను వెళ్ళేది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, కింద తెల్ల బూట్లతో. ట్రాక్ సూట్ల వాళ్ళు నవ్వితే తనూ వాళ్ళని చూసి నవ్వేది. వచ్చాక బూట్లు విప్పేది, నేను తొడుక్కునేదాన్ని, లోపల ఇంకా వెచ్చగా ఉండేవి. చలికాలంలో ఆ వెచ్చదనం నాకు ఎంత ఇష్టంగా ఉండేదో తనకి చెప్పలేదు. సిగ్గేసింది.

నడక కంటే తర్వాత చెప్పుకోవడం పెద్ద పండగ. ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పాలి. అక్కయ్య చెబితే ఆ బాట మీద రోజూ ఏదో ఒకటి జరిగేది. ఒకావిడ సైకిల్ నేర్చుకుంటూ సరాసరి వెళ్ళి బెంచీ మీద కూర్చున్న మొగుణ్ణే గుద్దింది. ఒకాయన వెనక్కి నడుస్తూ ఇంకో వెనక్కి నడిచే ఆయనకి వీపు తగిలించాడు. ఒకసారి నెమలి కనబడిందని చెప్పింది. ఆ నెమలి కోసం నేను ఎన్నాళ్ళు తుప్పలన్నీ వెతికానో. చివరికి నిలదీస్తే, "నీ మొహం అలా వేలాడిపోయి ఉందే ఆ పూట, ఏదోటి చెప్పాలి కదా" అంది. నేను మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. నువ్వు చెబితే కరెంటు బిల్లు చదివినట్టుంటుందని వెక్కిరించేది. అయినా రోజూ అడిగేది.

తన కోరిక ఒక్కటే. ఇద్దరం పక్కపక్కన, ఒక్కసారి, మాట్లాడుకుంటూ ఆ బాట మీద నడవాలి. ఎవరి చీర గురించైనా ఆడిపోసుకోవాలంటే అక్కడికక్కడే ఆడిపోసుకోవాలి కానీ, ఇంటికొచ్చి చెబితే చల్లారిన బజ్జీలా ఉంటుందని బాధపడేది. నా కోరికా అదే. ఇంత చిన్న కోరిక తీరకపోవడమేమిటని నాకు కోపం వచ్చేది. అత్తగారి మీద, అన్నదమ్ముల మీద, ఆ మంచం మీద కూడా.

ఒక చలికాలం ఉదయం అది తీరింది, మాకు తెలియకుండా. రాయపూర్ నల్లదుమ్ము సంగతి తెలుసుగా, తెల్లటిది ఏదైనా వారంలో బొగ్గవుతుంది. ముందురోజు అక్కయ్య బూట్లు ఉతికి వెనక గోడ మీద ఆరేసింది. మా ఇంట్లో బూట్లే గుర్తు. బూట్లు ఇంట్లో ఉన్నాయంటే ఇద్దరం ఉన్నట్టు, లేవంటే ఒకరు బయటున్నట్టు. నేను పాలకి వీధి చివరికి వెళ్ళాను. అక్కయ్య అగరొత్తులు వెలిగించి, బాత్రూంలో నీళ్ళ చప్పుడు విని నేను స్నానం చేస్తున్నాననుకుంది. అది డ్రమ్ములో పడుతున్న కుళాయి. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియదని కుళాయి తిప్పి ఉంచడం కాలనీలో అందరికీ అలవాటే. బూట్లు తడిగా ఉన్నాయని చెప్పులేసుకుని, బాత్రూం తలుపుకి వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయింది. నేను పాలు తెచ్చేసరికి గోడ మీద బూట్లున్నాయి, పూజ గది తెర వెనక పొగ వస్తోంది. పూజలో ఉంటే అక్కయ్య మాట్లాడదు. ఈ రోజు నేనే ముందు వెళ్ళొస్తే సరిపోతుందని ఆ తెరకి చెప్పి, నేనూ చెప్పులతోనే బయల్దేరాను.

జామకాయలమ్మే ముసలామె బుట్ట దగ్గర, ఎదురుగా మంచులోంచి అక్కయ్య వస్తోంది. నాకు ముందు భయం వేయలేదు. సంతోషం వేసింది. తెలియని ఊళ్ళో మనవాళ్ళెవరో కనబడినట్టుంది. తనూ రెండు చేతులూ చాచింది. ముసలామె మమ్మల్ని మార్చి మార్చి చూసి, "తుమన్ దూ ఝన్ హవ్?" అంది. ఇన్నాళ్ళూ ఆవిడ మమ్మల్ని ఒకే మనిషి అనుకుందట, అవే బూట్లు, అదే బొట్టు. ఇద్దరున్నారా అని నోరు తెరిచింది.

అప్పుడు అక్కయ్య చేతులు కిందకి పడిపోయాయి. "నువ్వు బాత్రూంలో లేవేటి?"

"నువ్వు పూజలో లేవా?"

పరుగు. ఆ బాట మీద మేం పరిగెత్తింది అదే మొదటిసారి. తను కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని ముందు, నేను వెనక. పోలీసు ఉద్యోగాలకి ప్రాక్టీసు చేసే కుర్రాళ్ళు పక్కకి తప్పుకున్నారు. వాళ్ళని మేం దాటేశామని తర్వాత అక్కయ్య వాదన. సగం దూరంలో తన చెప్పు తెగింది. దాన్ని చంకలో పెట్టుకుని ఒంటి చెప్పుతో పరిగెత్తుతున్న తనని చూసి నాకు నవ్వొచ్చింది. నా నవ్వు విని తనకీ వచ్చింది. అత్తగారు ఒక్కరే ఉన్నారన్న భయం, అయినా నవ్వు ఆగడం లేదు. గోడ పక్కనుంచి తిరిగి గుమ్మం దగ్గరకొచ్చేదాకా అలా నవ్వుతూ, రొప్పుతూ, ఏడుస్తూ వచ్చాం.

అత్తగారు మెలకువగా ఉన్నారు. పక్క తడిసింది. పిలిచి పిలిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది. ఇద్దర్నీ చూసి, "ఇద్దరూ ఎల్లారేటి" అని అడిగారు. అక్కయ్య ఆవిడకి మేనకోడలు కూడా, అబద్ధం చెప్పలేకపోయింది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. సాయంత్రం దాకా ముద్ద ముట్టలేదు, కొడుకులకి చెప్పనూ లేదు. ఆ తర్వాత మేం ఒకరి కళ్ళతో ఒకరిని చూసుకుంటే తప్ప గుమ్మం దాటలేదు. కలిసి నడవాలన్న మాట అక్కయ్య మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

అక్కయ్య పెద్దకర్మ అయ్యింది. చుట్టాలు విశాఖ రైలెక్కారు. ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు, మంచం మీద అత్తగారు, నేను. కూరలు మా ఆయన తెచ్చేవారు, పాలు ఇంటికే పోయించుకున్నాం. గుమ్మం దాటే పనే లేకుండా పోయింది. గోడ అవతల సైకిల్ బెల్లులు వినిపిస్తుంటే వంటింటి కిటికీ మూసేసేదాన్ని. రాయడానికి బాగుండదు గానీ రాస్తాను, అక్కయ్య మీద కూడా కోపమొచ్చింది. నన్ను ఒక్కదాన్నే డ్యూటీలో వదిలి దిగిపోయిందని.

ఒక ఆదివారం పొద్దున్న అత్తగారికి చీర మార్చబోతే నా మణికట్టు పట్టుకున్నారు.

"పెద్దోడ్ని పిలు."

ఎందుకని అడిగాను. ఏమైనా కావాలంటే నేను ఇస్తానన్నాను. ఆవిడ వినలేదు. బావగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. భార్య పోయినప్పటినుంచి ఆయన ఏ గదిలోకి వచ్చినా గుమ్మంలోనే ఆగిపోతున్నారు.

"ఇలా రా" అన్నారు అత్తగారు. "నాకు చీర మార్చు. అది సెప్తాది ఎలాగో, నేర్సుకో."

ఆయన నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. అత్తగారు ఇంటి కప్పుకేసి చూస్తూ, మెల్లగా, ఒక్కో మాట ఏరుకుంటున్నట్టు అన్నారు. "ఆ రోజు ఈలిద్దరూ నవ్వుకుంటా పరిగెట్టుకొచ్చినారు. ఈ కిటికీలోంచి ఇన్నాను. నా అన్న కూతురు, నా సేతుల్లో పెరిగింది. దాని నవ్వు అంత గట్టిగా ఉంటాదని నాకు తెల్దురా. అంత నవ్వుని ఇన్నాళ్ళూ మంచం కింద తొక్కీసి కూకున్నాను."

కుచ్చెళ్ళు ఎక్కడ దోపాలో, పక్కకి ఎలా దొర్లించాలో, వీపు కింద పౌడరు ఎలా వేయాలో చూపించాను. వేగన్ల ఇనుముతో మొరటుబారిన చేతులతో ఆయన నేను చెప్పినట్టే చేశారు. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుని, దుప్పటి అంచు పళ్ళతో పట్టుకున్నారు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. కానీ చెయ్యనిచ్చారు. అయిపోయాక కళ్ళు తెరవకుండానే నాతో అన్నారు.

"ఇంకా నిలబడ్డావేటి. ఎల్లు."

వెళ్ళాను. ఆదివారం కదా, బాట నిండా జనం. పిల్లలు స్కేట్లతో, తండ్రులు వాళ్ళ వెనక. కాళ్ళు ఎటు వేయాలో తెలియలేదు. ఇన్నాళ్ళూ తిరిగి వెళ్ళే తొందరలోనే నడిచాను, తొందర లేకుండా ఎలా నడుస్తారో మర్చిపోయాను. ఇటు చివరిదాకా వెళ్ళి, తిరిగి మా క్వార్టరు వెనక్కి వచ్చేసరికి ఆగాను. గోడ మీదుగా మా పెరడు కనబడుతోంది. బావగారు తల్లి చీర ఉతికి తీగ మీద ఆరేస్తున్నారు. సరిగ్గా పిండలేదు, నీళ్ళు ధారగా కారి ఆయన కాళ్ళు తడిసిపోతున్నాయి. ఒక చివర ఎత్తితే ఇంకో చివర జారుతోంది. చివరికి ఎలాగో వేశారు. కొంగు మాత్రం నేల మీద మట్టిలో పడి ఉంది, ఆయన చూసుకోలేదు. నాకు కేకేసి చెప్పాలనిపించింది. వెనక నుంచి ఎవరో సైకిల్ బెల్లు కొట్టారు. నేను పక్కకి జరిగి, మోవా వైపు నడిచాను.